దొడ్డి పక్కన ఇరవై వంగమొక్కలు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాల సంఘాల సభ్యుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



పాలవాళ్ల కూటమిలో వంకాయల మాట ఏమిటని మీకు అనిపించవచ్చును. దాణా గురించి, పచ్చిగడ్డి గురించి, గాలికుంటు టీకాల గురించి ఇదివరలో చాలాసార్లు చెప్పాము, ఇకముందు కూడా చెబుతాము. ఈ పూట మాత్రం వంకాయల గురించే. సంఘాలు తిరిగేటప్పుడు మేము ఊరూరా ఒకే సంగతి చూస్తున్నాము. దొడ్డి పక్కన నడుమెత్తు పెంటకుప్ప ఉంటుంది. బర్రెలను కడిగిన నీళ్ళు వాకిలి దాటి బజారున పడి బురద అవుతుంటాయి. ఆ ఇంటి ఆడమనిషి మాత్రం సంచి పట్టుకుని అంగడికి పోయి, ఎవరో ఎక్కడో పండించిన వంకాయలు కొనుక్కుని వస్తుంది. వాటి మీద ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో ఆమెకు తెలియదు, అమ్మేవానికీ తెలియదు.

ఇంటికి కావలసిన వంకాయలకు ఎక్కువ చోటు అక్కరలేదు. మొక్కకు మొక్కకు రెండడుగులు, సాలుకు సాలుకు రెండడుగులు ఎడం పెడితే ఇరవై మొక్కలకు ఎనభై చదరపు అడుగులు, అంటే తొమ్మిది గజాల లోపే పడుతుంది. గుంటలో పన్నెండో వంతు కూడా కాదు. గడ్డివాము పక్కన అంత జాగా లేని పాడి ఇల్లు అరుదు. కాపు మొదలైన తరువాత నలుగురైదుగురు ఉన్న ఇంటికి వారంలో రెండు మూడు కూరలకు ఈ మొక్కలు సరిపోతాయి. మిగిలితే ఇరుగుపొరుగుకు.

మన మూడు జిల్లాల నేలలు ఒక తీరుగా లేవు. జనగామ వైపు ఎక్కువగా చల్కా నేల. నీరు పోసినంతసేపే, గంట తిరగకముందే పీల్చుకుపోతుంది. అక్కడ పెంట వేయకుండా వంగ వేస్తే ఎండాకాలంలో నిలవదు. మహబూబాబాద్ వైపు మిరప ఎక్కువ. మిరప, టమాటా, వంగ ఒకే జాతి మొక్కలు, ఒకదాని రోగం మరొకదానికి తగులుతుంది. కిందటి ఏడు మిరప గానీ టమాటా గానీ వేసిన చోట ఈ ఏడు వంగ వేయవద్దు. భూపాలపల్లి వైపు వానలు జాస్తి. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన సంగతి మీరెవరూ మరచి ఉండరు. అంత వరదకు ఏ తోటా ఆగదు గానీ, మామూలు వానకే నీరు నిలిచే చోట జానెడు ఎత్తు కట్టలు పోసి, కట్టల మీదనే నాటాలి. వంగ దాహానికి కొంత ఓర్చుకుంటుంది గానీ వేళ్ళకు నీరు నిలిస్తే ఓర్చుకోదు.

వానాకాలం పంటకు జూన్, జూలై నెలల్లో, శీతాకాలం పంటకు అక్టోబరు, నవంబరులలో, ఎండాకాలం పంటకు జనవరి, ఫిబ్రవరిలలో నారు పోసుకోవచ్చు. ఇంటికైతే గ్రాము గింజలే చాలా ఎక్కువ, ఒక గ్రాములో రెండు వందల గింజలకు పైగా ఉంటాయి. నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక పొట్లం కొని ఒకరి ఇంట నారు పోసుకుంటే అందరికీ సరిపోతుంది. గింజను దట్టంగా పోయవద్దు. నారు గుంపుగా ఉండి తడి ఎక్కువైతే మొదలు దగ్గర మెత్తబడి ఒక్క రాత్రిలో పడిపోతుంది. దీనినే నారుకుళ్ళు అంటారు. గింజలకు ముందుగా ట్రైకోడెర్మా పొడి పట్టిస్తే చాలావరకు ఆగుతుంది. నాలుగైదు వారాల నారు, జానెడు లోపు ఎత్తు ఉన్నది, సాయంత్రం పూట నాటాలి.

రకాల విషయానికి వస్తే, భాగ్యమతి, శ్యామల, గులాబి మన విశ్వవిద్యాలయం వారు ఎప్పుడో ఇచ్చిన రకాలు. పూసా పర్పుల్ క్లస్టర్ గుత్తులుగా కాస్తుంది, ఎండు తెగులుకు కొంత ఓర్చుకుంటుంది. సంకర రకాలు ఎక్కువ కాస్తాయి, కాదనము. అయితే వాటి కాయనుంచి తీసిన గింజ మరుసటి ఏడు తల్లిలాగా రాదు. ఇంటి వాడకానికి మీ అమ్మమ్మ దాచిన నాటు వంకాయ గింజ ఉంటే దానికి మించినది లేదని మా అభిప్రాయం. గుత్తివంకాయ కూరకు ముళ్ళ ముచ్చికల నాటు కాయకు వచ్చే రుచి, నిగనిగలాడే సంకర కాయకు రాదు. ఇది శాస్త్రం కాదు, మా నాలుక చెప్పిన మాట.

ఇక పెంట సంగతి. ఒక బర్రె రోజుకు పదిహేను కిలోలకు తక్కువ కాకుండా పెండ వేస్తుంది. కూరగాయలకు ఎకరాకు 8 టన్నుల మాగిన ఎరువు వేయమంటారు. ఆ లెక్కన గుంటకు 200 కిలోలు. మన ఇరవై మొక్కలకు ఒక తట్టెడు పెంట చాలు, రెండు తట్టలు వేస్తే మరీ మంచిది. అయితే మాగిన పెంటే వేయాలి. మొదట్లో మేము పచ్చి పెండనే గుంతల్లో వేసి నాటి, పదిహేను రోజుల్లో సగం మొక్కలు పోగొట్టుకున్నాము. తవ్వి చూస్తే వేళ్ళు కొరికిన తెల్లని వేరుపురుగులు, చిటికెన వేలంత లావువి, పచ్చి పెండలోనే పెరిగి ఉన్నాయి. పచ్చి పెండ వేడికి లేతవేళ్ళు కూడా కమిలిపోతాయి. కుప్పలో నాలుగైదు నెలలు మాగి, చేతిలో పొడిపొడిగా రాలి, వాసన లేని పెంట అయితేనే వేయండి. నాటిన నెలకు ఒకసారి, పూత సమయానికి మరొకసారి, మొదట్లో పిడికెడు పెంట వేసి మట్టి ఎగదోయాలి.

బర్రెను కడిగిన నీళ్ళు చిన్న కాలువ తీసి మొక్కలకు మళ్ళించవచ్చు. పాలక్యాను, బకెట్లు సోడాతోనో సబ్బుతోనో కడిగిన నీళ్ళు మాత్రం మళ్ళించవద్దు, మట్టి చౌడు బారుతుంది. సోడా లేకుండా తొలిసారి తొలిచిన నీళ్ళు పోస్తే తప్పులేదు.

ఇంతవరకు చెప్పినదంతా మీలో చాలామందికి మాకంటే బాగా తెలుసు. వంకాయతో అసలు చిక్కు పురుగుతో వస్తుంది. ఈ కూటమిలో ఈ మాట ఎత్తడానికి కూడా ఆ పురుగే కారణం.

కొమ్మ, కాయ తొలుచు పురుగు అంటే తెలియని వారుండరు. దాని బతుకు ఎట్లాంటిదో తెలిస్తే మందు ఎందుకు పనిచేయదో తెలుస్తుంది. దీని తల్లి తెల్లని రెక్కల పురుగు, రాత్రిపూట తిరుగుతుంది. ఆకు అడుగున, లేత మొవ్వు మీద, పూమొగ్గ మీద, కాయ ముచ్చిక దగ్గర ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. ఒక్క తల్లి రెండు వందల వరకు పెట్టగలదు. మూడు నుంచి అయిదు రోజుల్లో గుడ్డు పగిలి పిల్లపురుగు వస్తుంది. అది ఎంతోసేపు బయట తిరగదు. కొద్ది గంటల్లోనే మొవ్వులోకో కాయలోకో దూరిపోతుంది, దూరిన సన్నని కన్నం పూడిపోతుంది. ఇక రెండు మూడు వారాలు లోపలే తింటుంది. బాగా పెరిగిన తరువాత పెద్ద కన్నం చేసుకుని బయటపడి, నేలమీది ఎండుటాకుల్లో, చెత్తలో, కాండం పగుళ్లలో గూడు కట్టుకుంటుంది. అంటే కాయమీద కన్నం చూసి మనం మందు డబ్బా వెదికేటప్పటికి పురుగు తన పని ముగించుకుని పోయి ఉంటుంది. లోపలున్న పురుగుకు మందు తగలదు, బయటికి పోయిన పురుగుకు మందు దొరకదు. తగిలేది కాయకు, ఆ కాయ తినే మనకు.

మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాము. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. ఒక ఏడు కాపు మధ్యలో పురుగు బాగా పడింది. నాలుగు కాయలు కోస్తే మూడు పుచ్చులే. పత్తికి తెచ్చిన మందు డబ్బా అడుగున కొంత మిగిలి ఉంటే, కొలత కూడా చూడకుండా నీళ్ళలో కలిపి మొక్కలన్నిటికీ కొట్టాము. మూడు రోజుల తరువాత కోసిన కాయలూ పుచ్చులే. కోపం వచ్చి మొక్కలు పెరికి దొడ్డి గోడ వారగా పడవేశాము. మధ్యాహ్నం ఎండలో ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నప్పుడు బర్రె పలుపు తెంపుకుని పోయి ఆ మొక్కలు నమిలింది. లేచి చూసేసరికి నోటి వెంట చొంగ కారుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు. పశువైద్యుని పిలిచాము. డబ్బా చూపించమన్నారు, చూపించాము. అట్రోపిన్ సూదులు వేశారు. అదృష్టం బాగుండి బర్రె బతికింది.

మర్నాడు సాయంత్రానికి తేరుకుని రెండు లీటర్లు ఇచ్చింది. వైద్యుడు తాము చెప్పేవరకు ఆ పాలు ఎవరికీ పోయవద్దన్నారు. చేతిలో బకెట్టు ఉంది, సంఘం గంట కొట్టింది, ఇంట్లో సూదుల ఖర్చు కళ్ళముందు ఉంది. నిజం చెబుతున్నాము, ఆ నిమిషం పోసి రావాలనిపించింది. పోస్తే ఎవరికీ తెలిసేది కాదు. సంఘంలో లాక్టోమీటరు వేస్తారు, ఫ్యాటు చూస్తారు, ఎస్.ఎన్.ఎఫ్. లెక్క కడతారు. ఆ పరీక్షల్లో నీళ్ళు బయటపడతాయి, వెన్న ఎంతో బయటపడుతుంది. పురుగుమందు బయటపడదు. ఆ రెండు లీటర్లు నలభై లీటర్ల క్యానులో, ఆ క్యాను వందల క్యానుల పాలతో శీతల కేంద్రంలో కలిసిపోయేవి. ఏ ఊరి బిడ్డ సీసాలోకి పోయేవో మేము ఎన్నటికీ ఎరుగము. పెంటకుప్ప మీద పారబోశాము. వారం రోజులు అట్లాగే పారబోశాము.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. ఒకప్పుడు కూరగాయల మీద బి.హెచ్.సి. పొడి, డి.డి.టి. పొడి పలుచని గుడ్డలో మూటకట్టి దులిపేవారు. మీలో పెద్దలకు ఆ వాసన గుర్తుండే ఉంటుంది. ఆ మందులు నీళ్ళలో కరిగి పోయేవి కావు, కొవ్వులో చేరి కూర్చునేవి. గడ్డి మీద పడినది పశువు కొవ్వులోకి, అక్కడినుంచి పాలలోని వెన్నలోకి. భారత వైద్య పరిశోధన మండలి 1993లో వెల్లడించిన పరిశీలనలో, 12 రాష్ట్రాలలో సేకరించిన రెండు వేలకు పైగా పాల నమూనాలలో నూటికి 82 వాటిలో డి.డి.టి. ఆనవాళ్ళు కనిపించాయి. డి.డి.టి.ని వ్యవసాయంలో 1989లో, బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసింది. ఇప్పటి మందులు చాలావరకు అన్నేళ్ళు నిలవవు, నిజమే. కాని మందు కొట్టిన రోజున, మర్నాడు, మూడోనాడు అవి విషమే. మన దేశంలో పాలలో పురుగుమందుల అవశేషాలకు ఇప్పుడు హద్దులు ఉన్నాయి, పెద్ద ప్రయోగశాలల్లో ఆ పరీక్షలు జరుగుతాయి. దొడ్డికి పది అడుగుల దూరంలో ఉన్న పెరటి తోటలో పిచికారీ చేస్తే, గాలికి ఆ తుంపర గడ్డివాము మీద, నీళ్ళ తొట్టిలో, ఆరబెట్టిన క్యాను మీద పడకుండా ఎవరు ఆపగలరు?

కనుక పెరటి వంగకు మందు వద్దు. మరి పురుగును ఏమి చేయాలంటే, చేతితోనే పని. పొద్దున పాలు పోసి వచ్చిన తరువాత ఇరవై మొక్కలు చూడటానికి పది నిమిషాలు పడుతుంది. మొవ్వు తల వాల్చి ఉంటే లోపల పురుగు ఉన్నదన్నమాట. వాలిన చోటికి రెండంగుళాల కింద గోటితోనో కత్తెరతోనో తుంచాలి. తుంచినది అక్కడే పడవేస్తే తుంచనట్టే లెక్క. పొయ్యిలో వేయాలి. పుచ్చుకాయలు కూడా పెంటకుప్ప మీద వేయవద్దు. అక్కడ పురుగు హాయిగా గూడు కట్టుకుని రెక్కలతో తిరిగి వస్తుంది. నీళ్ళ బకెట్టులో రెండు రోజులు ముంచి ఉంచండి, లేదా కాల్చండి. మొక్కల మొదట్లో రాలిన ఆకులు వారానికొకసారి ఊడ్చాలి. ఎండిన వంగమోళ్ళు పొయ్యిలోకి పనికి వస్తాయని కట్టకట్టి చూరు కింద పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది. పురుగుకు అది సత్రం వంటిది. పంట అయిపోగానే కాల్చివేయాలి.

ఈ తుంచే పని పూర్తిగా కొత్తదేమీ కాదు. తైవాన్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ కూరగాయల పరిశోధన సంస్థ వారు 2000 సంవత్సరం తరువాత మన దేశంలోను, బంగ్లాదేశ్, శ్రీలంకలలోను రైతుల పొలాల్లో ఇదే చేయించారు. మొవ్వులు తుంచడం, పాతమోళ్ళు తీసివేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టి మగ రెక్కల పురుగులను పట్టడం, విషపు మందులు ఆపి పురుగును తినే మిత్రపురుగులను బతకనివ్వడం. బంగ్లాదేశ్‌లో జెస్సోర్ వైపు ఒక్క పంటకు 140 సార్ల వరకు మందు కొట్టిన రైతులు ఉండేవారు. అన్నిసార్లు కొట్టినా పురుగు పోలేదు గనుకనే కదా మళ్ళీ మళ్ళీ కొట్టడం! పురుగును తట్టుకునే బి.టి. వంకాయ మాట కూడా వచ్చింది. 2010 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం దానిని మన దేశంలో నిలిపివేసింది, బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. ఆ తగవు తీర్చే శక్తి మాకు లేదు. ఇరవై మొక్కల పెరటికి ఆ తగవుతో పనీ లేదు.

దూరం పోనక్కరలేదు, మన జనగామ జిల్లాలోనే లింగాలఘణపురం మండలం ఏనెబావి ఉంది. యాభై కుటుంబాల చిన్న ఊరు. జనగామలోని క్రాప్స్ సంస్థ, హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడురాగా, ఆ ఊరివారు మొదట పురుగుమందులు, తరువాత రసాయన ఎరువులు మానివేసి, 2006 నాటికి ఊరంతా సేంద్రియ గ్రామమని చాటుకున్నారు. వరి, పత్తి, కూరగాయలు అన్నీ అట్లాగే పండించారు. ఎంతో దూరం నుంచి రైతులు వచ్చి చూసి పోయారు. ఒక్కరు కాదు, ఊరంతా ఒకే మాట మీద నిలవడం వల్లనే అది సాగింది. వంకాయ పురుగుకు కూడా గోడలు, కంచెలు అడ్డం కావు. మీరు రోజూ మొవ్వు తుంచి, పక్కింటివారు పుచ్చుకాయలు గోడవతల పారవేస్తుంటే మీ శ్రమంతా వృథా. అందుకే సంఘం దగ్గర పాలు పోసే వరుసలో నిలబడినప్పుడు ఈ మాట పక్కవారితో ఆడండి.

మిగిలిన తెగుళ్ళ గురించి రెండు మాటలు. ఆకులు మరీ చిన్నవై, పొదలాగా గుబురు కట్టి, కాయ పట్టకపోతే అది వెర్రి తెగులు. దీపపు పురుగులు దానిని మొక్కనుంచి మొక్కకు మోస్తాయి. దానికి వైద్యం లేదు, జాలి పడకుండా మొక్క పెరికి కాల్చాలి. పేనుబంకకు, దీపపు పురుగులకు వేపగింజల కషాయం పనిచేస్తుంది. లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లాలి. ఆకులను జల్లెడలాగా గీకే అక్షింతల పురుగులను చేతితో ఏరవచ్చు. తెల్లవారుజామున మంచు ఉండగా పొయ్యి బూడిద చల్లితే కొంత తగ్గుతాయి. బూడిదతో కాయ తొలిచే పురుగు చస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

కాపు ముగిసిన మొక్కలు, ముదిరిన ఆకులు పశువు ముందు వేయవద్దు. మందు కొట్టకపోయినా వంగ ఆకులో పశువుకు పడని చేదు పదార్థాలు ఉంటాయి. గింజ దాచుకోదలచినవారు బలమైన మొక్క మీద, పురుగు సోకని ఒక కాయను పసుపుపచ్చగా పండేవరకు వదిలి, కోసి, నలిపి, నీటిలో కడిగి, అడుగున మునిగిన గింజలను నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేయవద్దు.

చివరగా కోతుల సంగతి. మేము ఏ ఊరికి పోయినా వంకాయల మాట ఎత్తగానే ఆడవాళ్లు అడిగేది ఇదే. వాటికి మా దగ్గర మందు లేదు. పెరడు వదిలి దొడ్డికి ఆనుకుని, పొద్దునా సాయంత్రం మనుషులు తిరిగే చోట, కుక్క కట్టివేసే చోట నాటినవారికి కొంత మిగులుతున్నది. పాత చేపల వల నాలుగు గుంజలకు కట్టి పైన కప్పినవారికి ఇంకొంచెం ఎక్కువ మిగులుతున్నది. మీ ఊళ్ళో ఎవరైనా ఇంతకంటే మంచి ఉపాయం కనిపెట్టి ఉంటే సంఘం కార్యదర్శితో రాయించి పంపండి, వచ్చే సంచికలో మిగిలిన సంఘాలవారికి చెబుతాము. వాలిన మొవ్వు ఎట్లా ఉంటుందో చూడాలనుకునేవారు కూటమి ముగిశాక బల్ల దగ్గరికి రండి. దారిలో ఒక పెరటినుంచి నాలుగు కొమ్మలు తెచ్చాము, చీల్చి లోపలి పురుగును చూపిస్తాము.